కేకు డబ్బా మీద ప్రమిద

మా చుట్టాల్లో ఎవరైనా నన్ను కొత్తవాళ్లకు పరిచయం చేయాల్సి వస్తే ఇప్పటికీ తడబడతారు. "ఈయన ప్రెస్సుల జేస్తుండె. డబ్బాలు గీస్తుండె" అంటారు. అవతలివాళ్లు "డబ్బా గీసుడేంది, నాలుగు గీతలే గదా" అని నవ్వుతారు. నేనూ నవ్వి ఊరుకుంటాను. నాచారం పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు అచ్చువేసే ప్రెస్సులో ముప్ఫై ఏళ్లకు పైగా నేను చేసింది ఆ నాలుగు గీతల పనే. మందుల డబ్బాలు, అగరుబత్తి డబ్బాలు, మిఠాయి డబ్బాలు, సబ్బు డబ్బాలు. మీ ఇంట్లో ఏదో ఒక మూల నా చేతి గీత ఉండే ఉంటుంది, లేదా చెత్తబుట్టలోకి పోయి ఉంటుంది. రెండోదానికే అవకాశం ఎక్కువ.

ఈమధ్య డిజైన్ కోర్సులు చేసిన పిల్లలు సలహా కోసం ఇంటికి వస్తున్నారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడుగుతారు. అది నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది నా తప్పుల గురించే. ప్రమోషన్లంటారా, రెండొచ్చాయి. రెండింటి వల్లా నా గీత బాగుపడలేదు కాబట్టి వాటి సంగతి వదిలేస్తున్నాను.

మడిచి చూడాలి

ప్రెస్సులో చేరకముందు నేను బోర్డులు రాసేవాణ్ని. ఉప్పల్ చౌరస్తా చుట్టుపక్కల టైలర్ షాపులు, కిరాణా దుకాణాలు, టూలెట్ రేకులు. గోడ చదునుగా ఉంటుంది, రేకు చదునుగా ఉంటుంది. అట్ట కూడా అంతేననుకున్నాను. చేరిన కొత్తలో అగరుబత్తి డబ్బాకు లక్ష్మీదేవి బొమ్మ వేయమంటే వారం రోజులు కూర్చుని వేశాను. నగలు, చీర అంచు, కళ్లలో మెరుపు, ఏదీ వదల్లేదు. మా ఫోర్‌మన్ యాదగిరి అన్న ఆ కాగితాన్ని తీసుకుని, నేను వద్దు వద్దంటున్నా, చటుక్కున మడిచి డబ్బా చేశాడు. మడత అమ్మవారి మెడ మీదుగా పోయింది. మూత తీస్తే తల ఒకవైపు, మొండెం ఒకవైపు.

"ఇప్పుడు సూడు" అన్నాడు. "నువ్వు కాయితం గీసినవ్. మనం అమ్మేది డబ్బా."

అంతటితో వదల్లేదు. "బత్తీలు అయిపోయినంక ఈ డబ్బా యాడికి పోతది?" అని అడిగాడు. చెత్తలోకి అన్నాను. "మరి దేవుని మొఖాన్ని జవహర్‌నగర్ చెత్తగుట్ట మీదికి పంపిస్తవా? పూవు గియ్యి, సాలు."

ఆ రోజు నుంచి డబ్బా మీద దేవుణ్ని వేయలేదు. ఎవరైనా పట్టుబడితే పేచీ పెట్టుకుని మరీ తామరపువ్వుకు ఒప్పించేవాణ్ని. యాదగిరి అన్న చదివింది తక్కువ, మాటలో కారం ఎక్కువ. "డబ్బా కొనేటోళ్లను గాదు, ఇప్పేటోళ్లను సూడు" అని రోజుకొకసారైనా అనేవాడు. కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతి కుర్రవాడి వెనకా అలాంటి మనిషి ఒకడు నిలబడాలి. ఇప్పుడు అలాంటివాళ్లను ఎవరూ ఉద్యోగంలో పెట్టుకోవడం లేదు, అది పెద్ద పొరపాటు.

ఎర్ర రబ్బరు బ్యాండు

ఒక మందుల కంపెనీకి దగ్గు సిరప్ డబ్బాలు చేశాను. పిల్లలది ఒకటి, పెద్దలది ఒకటి. రెండూ అన్నదమ్ముల్లా కనబడాలని కంపెనీ మేనేజర్ కోరిక. రెండింటికీ ఒకే ఆకుపచ్చ వేసి, పిల్లలదానికి మూలన చిన్న బంతి బొమ్మ పెట్టాను. మేనేజర్ మెచ్చుకున్నాడు, నేను ఉబ్బిపోయాను.

కొన్ని నెలల తర్వాత కాప్రాలో ఒక మందుల షాపుకు వెళ్తే, అరలో పిల్లల డబ్బాలన్నిటికీ ఎర్ర రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. ఎందుకని అడిగాను.

"గీసినోడెవడో గానీ రెండు ఒక్కతీరు గీసిండు" అన్నాడు షాపాయన. "మొన్న ఒకామెకు పిల్లగానికని పెద్దలది ఇచ్చిన. గల్లీ దాటకముందే ఉరికి వాపస్ తెచ్చుకున్న."

గీసినోడు ఎదురుగానే ఉన్నాడని చెప్పే ధైర్యం లేకపోయింది. మర్నాడే మేనేజర్‌తో కొట్లాడి పెద్దల డబ్బా రంగు మార్పించాను. ఆయన నాతో చాలాకాలం మాట్లాడలేదు, ఫర్వాలేదు. అప్పటినుంచి కొత్త డబ్బా బజారులోకి వెళ్లాక షాపులు తిరగడం అలవాటైంది. దాని మీద ఎవరైనా పెన్నుతో ఏదైనా రాశారా, దారం కట్టారా, బ్యాండు వేశారా అని చూస్తాను. వేశారంటే అక్కడ నేను ఏదో సరిగ్గా చేయలేదన్నమాట.

ఇన్ని నేర్చుకుని, పదిమందికి నేర్పి, శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు రిటైరయ్యాక నేనే పడ్డాను. అసలు చెప్పదలుచుకున్నది ఆ సంగతే.

స్వరూప ఓవెన్

మా ప్రెస్సులో అట్టలు కోసే మెషిన్ మీద మల్లేశ్ పనిచేస్తాడు. ఉప్పల్‌లో పాత ఊరివైపు వాళ్ల ఇల్లు. వాళ్ల తాత కాలంలో పొలం ఉండేది, ఇప్పుడు ఇల్లూ, కిరాయికిచ్చే ముందు గదీ మిగిలాయి. మల్లేశ్ భార్య స్వరూప ఒక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పని చేసేది. సెలవుల్లో కేకులు చేసి ఇరుగుపొరుగుకు పంచడంతో మొదలై, అడిగేవాళ్లు పెరిగి, చివరికి స్కూలు మానేసి ఆ ముందు గదిలో ఓవెన్ పెట్టుకుంది. ఇంట్లో అందరూ కలిసి ఒక మాట అనుకున్నారు. దసరా దాకా చూడాలి. అప్పటికి నిలదొక్కుకోకపోతే ఓవెన్ అమ్మేయాలి, గది మళ్లీ కిరాయికి ఇవ్వాలి, స్వరూప స్కూలుకు పోవాలి. పాత టూలెట్ రేకును పారేయకుండా ఆ గది తలుపు వెనకే నిలబెట్టి ఉంచారు. తలుపు మూసినప్పుడల్లా అది కనబడేది.

"స్కూల్ల పదేండ్లు జేసిన సార్" అంది స్వరూప, నేను మొదటిసారి వెళ్లినప్పుడు. "ఆడ ఒక్క రిజిస్టర్ గూడ నాది గాదు. గీ పొయ్యి నాది అనిపిస్తది. గిది పోతే మల్ల పెట్టేంత ధైర్యం నాకు రాదు."

దుకాణానికి పేరు, కేకులకు డబ్బా, రెండూ నన్నే చూడమన్నారు. మల్లేశ్ తల్లి లచ్చవ్వ ఓవెన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. అయిదు నిమిషాలకోసారి అద్దంలోంచి లోపలికి తొంగిచూసి "పొంగిందా?" అని కోడల్ని అడుగుతోంది. నేనున్న కాసేపట్లో ఏడుసార్లు అడిగింది. పేరు నాకు అక్కడే దొరికింది. "పొంగిందా" అని, మొదటి అక్షరం చిన్నగా, చివరిది కేకు పొంగి గిన్నె దాటినట్టు పెద్దగా రాశాను. పక్కన అద్దంలోకి తొంగిచూసే ముసలమ్మ బొమ్మ, ముక్కుపుల్లతో సహా. లచ్చవ్వ చూసి "నా ముక్కు గింత లావుంటదా" అంది గానీ ఆ కాగితం మాత్రం తిరిగి ఇవ్వలేదు.

స్వరూప కోరింది ఒక్కటే. "మా డబ్బా పట్టుకుంటే పిల్లలు నవ్వాలె సార్."

ఆ మాట తలకెక్కింది. జీవితమంతా దగ్గు మందులకు గీసినవాణ్ని, ఇన్నాళ్లకు నవ్వించే పని దొరికిందని సంబరపడ్డాను. మూత మీద ఒక ప్రమిద గీశాను. ప్రమిద పైన రూపాయి బిళ్లంత కంత. కంత కింద, మూత లోపల అటూ ఇటూ జరిగే ఒక అట్టముక్క. దాని మీద పక్కపక్కనే రెండు బొమ్మలు, ఒకటి వెలిగే జ్వాల, ఒకటి పొగ. అట్టముక్క తోక డబ్బా కుడిపక్క నుంచి బయటికి ఉంటుంది. పిల్లలు ఉఫ్‌మని ఊది తోక లాగితే కంతలో జ్వాల పోయి పొగ వస్తుంది. మడిచి చూశాను. ఇరవైసార్లు లాగి చూశాను. ఎక్కడా తప్పు లేదు. అందరూ కొవ్వొత్తి వేస్తుంటే నేను మన ప్రమిద వేశానని లోపల్లోపల గర్వం కూడా.

నమూనా తీసుకెళ్లి ముందు గదిలో చూపించాను. మల్లేశ్ మురిసిపోయాడు. స్వరూప మూడుసార్లు లాగి నవ్వింది. తర్వాత లచ్చవ్వ లాగింది. పొగ బొమ్మను కాసేపు చూసింది.

"ఆరిపోయింది గదా తమ్మీ" అంది.

"గదే ఆట అక్కా" అన్నాను.

ఆమె డబ్బాను బల్ల మీద పెట్టి ఓవెన్ వైపు తిరిగింది. యాదగిరి అన్న ఉంటే ఆ ముఖం చూసి అక్కడే ఆపేవాడు. నేను ముఖం చూడలేదు, నా డబ్బానే చూసుకుంటున్నాను. వెయ్యి డబ్బాలు అచ్చుకు పోయాయి.

తిరిగి వచ్చిన కేకు

శ్రావణమాసంలో కొత్త డబ్బాల్లో కేకులు పంపడం మొదలైంది. మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారం నాచారంలోని ఒక అపార్ట్‌మెంట్ నుంచి కేకు తిరిగి వచ్చింది. సుబ్బలక్ష్మి గారని ఒక రిటైర్డ్ టీచర్, మనవరాలు హాసిని పుట్టినరోజుకు తెప్పించుకున్నారు. మూత తీసి ఉంది, కేకు ముట్టుకోలేదు. స్వరూప నాకు ఫోన్ చేసింది. ఇద్దరం కలిసి వాళ్లింటికి వెళ్లాం.

ఆవిడ గోదావరి వైపు నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నారు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మెల్లగానే చెప్పారు.

"కేకు గురించి నాకేం ఫిర్యాదు లేదమ్మా. కొవ్వొత్తి ఊదడమే నాకిష్టముండదు. సరే, అది మనది కాదు, పిల్లల సరదా అని సరిపెట్టుకుంటాను. మీరు ప్రమిద వేశారు. పుట్టినరోజు పూట నా మనవరాలి చేత ప్రమిద ఆర్పిస్తానా చెప్పండి? మా ఇంట్లో దీపం ఆరిందని నోటితో కూడా అనం. కొండెక్కిందంటాం."

మా ఇంట్లోనూ అలా అనం. మా అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టినప్పుడు ఎవరైనా ఫ్యాన్ వేస్తే కసిరేది. నాకు తెలియని సంగతి కాదు. బొమ్మ గీసేటప్పుడు మాత్రం తెలిసినవన్నీ ఇంట్లో వదిలేసి కూర్చున్నాను. కొవ్వొత్తి వేసి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కారేమో. మనది కదా అని ప్రమిద వేసి, ఆ ప్రమిదనే పసిపిల్లల చేత ఆర్పించాను.

ఆవిడ మంచితనం కొద్దీ చెప్పారు. మిగతావాళ్లు చెప్పను కూడా చెప్పలేదు, కేకులు అడగడం మానేశారు. సుబ్బలక్ష్మి గారి కాలనీ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో "ఆ ఆరిపోయే డబ్బా" అన్న మాట తిరిగిందని స్వరూపకు ఎవరో చెప్పారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఒకరోజు నేను వెళ్లేసరికి మల్లేశ్ తలుపు వెనక టూలెట్ రేకును తీసి, గుడ్డతో దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే పెడుతున్నాడు. నేను చూశానని అతనికి తెలియదు. ఆ పూట ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేముంది, ఏడ్చాను. నా తప్పుకు ఇంకొకరి పొయ్యి ఆరిపోవడం నేను భరించలేకపోయాను.

పసుపు రిబ్బను

మిగిలిన డబ్బాలు తొమ్మిది వందల పైచిలుకు. మళ్లీ అచ్చు వేయించే స్థితి వాళ్లకు లేదు. నేను వేయిస్తానంటే మల్లేశ్ ఒప్పుకోలేదు. ఉన్నవాటినే ఎలాగో బాగుచేయాలి. ఎవరిని అడగాలో నాకు అప్పటికి బుద్ధి వచ్చింది. లచ్చవ్వ స్టూలు పక్కన కింద కూర్చున్నాను.

"అక్కా, ఆ దినం నీకు ఎరుకైంది. ఎందుకు జెప్పలే?"

"చెప్పిన గదా తమ్మీ. ఆరిపోయింది అన్న. నువ్వు ఆట అన్నవ్. గింత అనుభవం ఉన్నోనివి, నీకు జెప్పేటంతదాన్నా అని ఊకున్న."

"ఇప్పుడు జెప్పు. ఏం జేద్దాం?"

"ఏమున్నది? ఆరేటట్టు జేసినవ్, ఎలిగేటట్టు జెయ్యి" అంది, ఉల్లిగడ్డ కోయమన్నంత తేలిగ్గా.

ఇంత చిన్న మాట నాకు తోచలేదే అనుకుంటూ అట్టముక్కను తీసి అటుదిటు తిప్పి దూర్చాను. లాగితే పొగ పోయి జ్వాల వచ్చింది, కానీ తలకిందులుగా. లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గబ్బిలాలకు పుట్టినరోజు జేస్తవా తమ్మీ" అంది. చాలా రోజుల తర్వాత స్వరూప నవ్వగా చూశాను.

జ్వాల నిటారుగా ఉండాలంటే అట్టముక్కను మామూలుగానే ఉంచి, ఎడమవైపుకు లాగాలి. మల్లేశ్ బ్లేడుతో డబ్బా ఎడమపక్క సన్నని కోత పెట్టాడు. కుడివైపు తోకను నేను కత్తిరించేశాను. ఎడమ చివర పొగ బొమ్మ అలాగే ఉంది. దాన్ని ఎలా దాచాలో, అక్కడ కొత్త తోక ఎలా పెట్టాలో నేను తల గోక్కుంటుంటే స్వరూప లేచి, కేకులకు కట్టే పసుపు రిబ్బను చుట్ట తెచ్చింది. ఒక ముక్క కత్తిరించి, సగం పొగ బొమ్మ మీద అతికించి, మిగతా సగాన్ని కోతలోంచి బయటికి తీసింది. పొగ కనబడకుండా పోయింది, లాగడానికి తోక కూడా దొరికింది. లాగితే కంతలో పసుపు పోయి జ్వాల నిలబడింది.

"గిట్లయితే నడుస్తదా సార్?" అంది.

"నడుస్తదమ్మా" అన్నాను.

వారం పైగా మధ్యాహ్నాలు ఆ ముందు గదిలో నలుగురం కూర్చున్నాం. మల్లేశ్ షిఫ్టు దిగి వచ్చి కోతలు పెట్టేవాడు. నాది కత్తెర, స్వరూపది రిబ్బను. లచ్చవ్వ ఒక్కొక్కటీ లాగి చూసి "ఎలిగింది" అని పక్కన పెట్టేది. సరిగా జరగనిది నా ఒళ్లో పడేసేది. అంత కఠినమైన తనిఖీ మా ప్రెస్సులో కూడా లేదు.

మొదటి డబ్బా ఎవరికి వెళ్లాలో నాకు సందేహం లేదు. సుబ్బలక్ష్మి గారికి ఫోన్ చేసి, ఇంకొక్కసారి చూడమని బతిమాలాను. "తేదీ ప్రకారం అయిపోయింది గానీ హాసిని పుట్టినరోజు తిథి ఇంకా రాలేదు. గురువారం తీసుకురండి" అన్నారు.

గురువారం స్వరూప కేకును రెండు చేతులతో పట్టుకుని నడిచింది. ఈ ఒక్క ఇంట్లో కాదంటే కాలనీలో ఇక ఎవరూ తలుపు తీయరని ఇద్దరికీ తెలుసు. హాసిని బల్ల ముందు నిలబడి రిబ్బను లాగింది. జ్వాల వచ్చింది. "అమ్మమ్మా, వెలిగింది" అంది. పిల్లలకు ఒకసారితో తృప్తి ఉండదు కదా, వెంటనే రిబ్బను లోపలికి నెట్టబోయింది. వెనక్కి పోతే దీపం మళ్లీ ఆరినట్టే, ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. హాసిని నెట్టింది. రిబ్బను వంగి మెలికలు తిరిగింది గానీ అట్టముక్క కదల్లేదు. రిబ్బనుతో లాగగలం, నెట్టలేం.

సుబ్బలక్ష్మి గారు వంగి చూశారు. "ఇది మళ్లీ ఆరదా అమ్మా?"

"ఆరదమ్మా" అంది స్వరూప.

"మంచి పని చేశారు" అని, హాసిని చేత కేకు కోయించి, మొదటి ముక్క స్వరూప నోట్లో పెట్టారు. స్వరూప కళ్లు తుడుచుకుంది. నేను అదంతా ముందే ఆలోచించి చేసినట్టు ముఖం పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడైనా నిజం చెప్పేస్తున్నాను, ఆ ఘనత రిబ్బనుది, అది తెచ్చిన మనిషిది.

రేకు వెనకవైపు

హాసిని రిబ్బను లాగే వీడియోను ఆ వాట్సాప్ గ్రూపులో పెట్టింది సుబ్బలక్ష్మి గారే. కేకులు అడిగేవాళ్లు మెల్లగా మళ్లీ వచ్చారు, దమ్మాయిగూడ కొత్త కాలనీల నుంచి కూడా. దసరా ముందు ఒకసారి ఆవిడ ఇంటికి వెళ్తే ఫ్రిజ్ మీద మా ఖాళీ డబ్బా ఉంది, దీపం వెలుగుతూ. అందులో హాసిని రంగు పెన్సిళ్లు పెట్టుకుందట, పారేయబోతే ఊరుకోలేదట. నేను గీసిన లెక్కలేనన్ని డబ్బాల్లో చెత్తకు పోకుండా మిగిలినట్టు నేను కళ్లారా చూసింది అదొక్కటే. ఇంటికి వెళ్లేదాకా ఆ సంతోషం తగ్గలేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. నమూనా చూపించినప్పుడు మెచ్చుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్లతో పని లేదు. చూసి, ఒక్క మాట అని, పక్కన పెట్టినవాళ్ల దగ్గరికి పోయి కూర్చోండి. వాళ్లు రెండోసారి చెప్పరు, మీరే అడగాలి.

దసరా నాడు జమ్మి ఇవ్వడానికి మల్లేశ్ ఇంటికి వెళ్లాను. లచ్చవ్వ చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కాను. ముందు గదిలో ఓవెన్ నడుస్తోంది, పండగపూట కూడా స్వరూపకు తీరిక లేదు. గడువు సంగతి ఎవరూ ఎత్తలేదు. లచ్చవ్వ లేచి, తలుపు వెనక నుంచి టూలెట్ రేకును తెచ్చి నా ముందు పెట్టింది.

"ముందుగాల నువ్వు బోర్డులు రాస్తుంటివట గదా తమ్మీ."

"రాస్తుంటి అక్కా."

రేకును తిప్పి, ఖాళీగా ఉన్న వెనకవైపు నాకు చూపించింది. "ఇగ గది ఎవలకు ఇయ్యం. దీని మీద కోడలి దుకాణం పేరు రాయి. ముక్కు జర సన్నగ గియ్యి."

బ్రష్షు పట్టుకుని ఎన్నేళ్లయిందో. మొదటి అక్షరం కొంచెం వంకర పోయింది, రెండోది కుదిరింది. ముక్కు మాత్రం ఉన్నదున్నట్టే గీశాను.